సేఫ్టీకి రాయని కాలేజీలు

జులై నెల వచ్చిందంటే మా గుమ్మం బయట ఊరివాళ్ల చెప్పులన్నీ కుప్పపడతాయి. నేను నంద్యాలలో ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. ఇంటర్ పూర్తిచేసి, ఎంట్రన్సు రాసి ర్యాంకు తెచ్చుకున్న పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, ఇంజనీరింగ్ కాలేజీలకు వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి మా ఇంటికి వస్తారు. బండి ఆత్మకూరు నుంచి వస్తారు, అవుకు నుంచి వస్తారు. నేనెవరినీ రమ్మని పిలవలేదు. ఒకరికి చేసిపెడితే ఇంకొకరు వచ్చారు, అంతే. నెట్ సెంటర్లో రద్దీ, అక్కడివాళ్లు తొందరలో ఏదో ఒకటి నొక్కేస్తారని భయం. నాకు నోరెక్కువని తెలుసు వాళ్లకు. తిట్టినా పని సరిగ్గా చేసిపెడుతుందిలే అనుకుని వస్తారు.

నేను చేసేది బ్రహ్మవిద్యేం కాదు. ముందు ఆశపడే కాలేజీలు రాయాలి. తర్వాత ర్యాంకుకు తగినవి. వాటి కింద, సేఫ్టీకి, ఎటుపోయి ఎటొచ్చినా చేతికి దొరికేవి నాలుగైనా రాయాలి. కంప్యూటరు పైనుంచి చూసుకుంటూ వస్తుంది. పైది దొరికితే కిందవాటి జోలికి పోనే పోదు. కింద ఎన్ని రాసినా పైదానికి నష్టం లేదు. ఈ ఒక్క ముక్క ఏటా చెప్పీ చెప్పీ నా గొంతు అరిగిపోయింది. మామూలు ర్యాంకు పిల్లలు వెంటనే తలూపుతారు. పేచీ అంతా మంచి ర్యాంకు వాళ్లతోనే. సేఫ్టీ అనే మాట వినగానే వాళ్ల మొహం మాడిపోతుంది. "నాకంత ఖర్మేంది మేడం?" అంటారు. ఖర్మ కాదురా, మెట్టు జారితే పట్టుకోవడానికి గోడ అని కసురుకుంటాను. చివరికి అందరూ రాస్తారు. నా ఇంట్లో కూర్చుని సేఫ్టీ రాయకుండా లేచి వెళ్లినవాళ్లు ఇంతవరకూ లేరు.

మా అక్క కూతురు మాత్రం రాయలేదు.

మా అక్కవాళ్లది ఆళ్లగడ్డ. బావకు మెయిన్ రోడ్డు మీద మోటారు వైండింగ్ షాపు ఉంది. బోరు మోటార్లు కాలిపోతే రైతులు ఆయన దగ్గరికే తెస్తారు. రాగి తీగ చుట్టడంలో ఆయన చేతికి పేరుంది. మనిషి నెమ్మది, ఎవరితోనూ గొడవ పెట్టుకోడు. ఆదివారం వస్తే ఇస్త్రీ చొక్కా వేసుకుని ప్రార్థన మందిరానికి అందరికంటే ముందు పోయి చాపలు పరుస్తాడు. సంఘంలో పెద్దల్లో ఒకడు. నన్ను "టీచరమ్మా" అని ఆట పట్టించేవాడు, నేను "పాస్టరుకు పాస్టరువి" అని తిరిగి అంటించేదాన్ని. మా ఇద్దరికీ పడదని కాదు. పడుతుంది కాబట్టే అంతంత మాటలు అనుకునేవాళ్లం.

పిల్ల ఇంటర్ రెండేళ్లూ నంద్యాలలోనే హాస్టల్లో ఉండి చదివింది. ఆదివారాలు సెలవిస్తే మా ఇంటికొచ్చేది. వంటింట్లో నేను ఉల్లిగడ్డలు కోస్తూ ఒక లెక్క చెబితే, గట్టు మీద కూర్చుని కాళ్లూపుకుంటూ నోటితోనే చేసేసేది. నేను తప్పు చెబితే "చిన్నమ్మా, ఆడ మైనస్ మర్చిపోయినావ్" అనేది. ఇంత పొగరు ఎవరి పోలికని అక్క నన్ను చూసేది. పరీక్ష రాసొచ్చాక ఎట్లా రాశావని అడిగితే ఆ పిల్ల నోట "ఏమో" అనే మాట ఎప్పుడూ వినలేదు. వచ్చింది అనేది, లేదా రాలేదు అనేది. అంతే.

ర్యాంకు బాగా వచ్చింది. ఎంత బాగా అంటే, నంద్యాల బస్టాండు బయట కాలేజీవాళ్లు కట్టిన ఫ్లెక్సీలో పై వరసలో దాని ఫోటో పడింది. కళ్లు సగం మూసుకుని, ఎర్ర బ్యాక్‌గ్రౌండులో, పాస్‌పోర్టు ఫోటోని సాగదీసి పెట్టారు. మా కాలేజీకి పోయే దారే అది. పొద్దున పోతూ ఒకసారి, సాయంత్రం వస్తూ ఒకసారి చూసుకుని మురిసిపోయేదాన్ని.

ఆ తర్వాతి ఆదివారం అక్క రమ్మంటే ఆళ్లగడ్డ బస్సెక్కాను. శిరివెళ్ల దాటాక కిటికీలోంచి గాలి రేగి కళ్లనిండా దుమ్ము. ఆ ఏడు వాన ఇంకా పడలేదు, గాలి మాత్రం పగబట్టినట్టు కొట్టేది. నేను మందిరానికి చేరేసరికి పాటలు అయిపోయి సాక్ష్యాలు మొదలయ్యాయి.

సాక్ష్యమంటే దేవుడు చేసిన మేలు నిలబడి పదిమందిలో చెప్పడం. జ్వరం తగ్గిందని చెబుతారు, గేదె దొరికిందని చెబుతారు, తప్పిపోయిన కొడుకు తిరిగొచ్చాడని చెబుతారు. మా నంద్యాల సంఘంలోనూ ఉంది. అయితే ఆళ్లగడ్డ సంఘంలో ఇంకొక అలవాటు ఉంది. గట్టి విశ్వాసమున్నవాళ్లు మేలు జరగకముందే నిలబడి, జరిగిపోయిందని సాక్ష్యం చెబుతారు. అట్లా అందరూ చెప్పరు. చెప్పినవాళ్లు ఇక వెనక్కి తిరిగి చూడకూడదు. బావ అట్లా చెప్పడం అంతకుముందు ఒకే ఒక్కసారి జరిగింది. పిల్ల చిన్నప్పుడు మెదడుకు జ్వరమెక్కి కర్నూలు ఆసుపత్రిలో తెలివిలేకుండా పడుంటే, బావ దాన్ని అక్కకు, నాకు వదిలిపెట్టి ఆదివారం ఆళ్లగడ్డకొచ్చి, నా బిడ్డ బతికిందని సాక్ష్యం చెప్పి మళ్లీ బస్సెక్కాడు. పిల్ల లేచింది. ఆ సంఘంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కొత్తగా వచ్చినవాళ్లకు పిల్లను చూపించి మరీ చెబుతారు.

ఆ రోజు బావ లేచి నిలబడ్డాడు. అందరికీ వందనాలు చెప్పాడు. "నా బిడ్డకు ర్యాంకు వచ్చింది మీకందరికీ తెల్సు. కోస్తాలో ఉండే పెద్ద ప్రభుత్వ కాలేజీలో, కంప్యూటర్ బ్రాంచిలో, దేవుడు సీటు కూడా ఇచ్చేసినాడు. పొందుకున్నాం" అన్నాడు. మందిరమంతా స్తోత్రం అంది. ఆడవాళ్లవైపు రెండో చాప మీద పిల్ల తలొంచుకుని కూర్చుని ఉంది. పక్కనున్న ఆడవాళ్లు దాని వీపు మీద చేతులు వేశారు. దాని చెవులు ఎర్రబడ్డాయి. సిగ్గేమో అనుకున్నాను.

కౌన్సెలింగు ఇంకా మొదలు కూడా కాలేదు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక విషయం కదిపాను. ఆ కాలేజీలో ఆ బ్రాంచికి మా రిజర్వేషన్ కింద ఉండేది ఒకటో రెండో సీట్లు. పోయినేడు ఈ ర్యాంకుకు వచ్చింది నిజమే. మన కంటే ముందు ర్యాంకు పిల్లలు ఇద్దరు ఈ ఏడు అదే కోరుకున్నారనుకో, మన దాకా రాదు. ఆ ఇద్దరు ఏ ఊళ్లో ఉన్నారో మనకు తెలియదు. కాబట్టి పైన అదే రాద్దాం, కింద తక్కినవి రాద్దాం, ఆ కింద సేఫ్టీకి కొన్ని పెడదాం అని చెప్పాను.

బావ చేయి తుడుచుకుంటూ, "ఒకటే రాస్తాం టీచరమ్మా" అన్నాడు.

"ఒకటేంది బావా?"

"ఒకటే. దేవుడిచ్చినాడని నలుగుర్లో నిలబడి చెప్పి, మళ్ల ఇంటికొచ్చి తలుపేసుకుని, ఇయ్యకుంటే ఎట్లని ఇంకోటి రాసుకుంటే, నా సాక్ష్యమేందీ? నాటకమా?"

"కింద రాసినందుకు పైది పోదు బావా. నీ సాక్ష్యానికేం కాదు. కంప్యూటర్‌కు సాక్ష్యం తెలుస్తుందా?"

"దేవునికి తెలుస్తాది గదమ్మా."

నాకు ఒళ్లు మండింది. షాపులో ఆయన చేసే పనే ఎత్తి చూపాను. "రైతు మోటారు కాలితే, బాగుచేసి ఇచ్చేదాకా పైరు ఎండకుండా ఇంకో మోటారు ఇచ్చి పంపిస్తావు గదా. నీ పని మీద నీకు నమ్మకం లేకనా?"

"అది కరెంటు సంగతి. ఇది దేవుని సంగతి" అన్నాడు. గొంతు పెంచలేదు. నవ్వాడు కూడా. తెలియక మొండికేస్తున్న మనిషితో పోట్లాడొచ్చు. అన్నీ విని, అర్థం చేసుకుని, వద్దనేవాడితో ఎట్లా పోట్లాడేది? అక్క ఎంగిలి కంచాలు తీసుకుని లోపలికి పోయింది. పిల్ల గోడకానుకుని మా ఇద్దరి మాటలూ వింటోంది.

ఆ తర్వాత రోజులు నేనింకా మర్చిపోలేదు. ఎవరూ ఏడవలేదు, ఎవరూ అరవలేదు. అందరూ సంతోషంగా ఉన్నారు. అదే భయంగా ఉండేది. సంఘంలోవాళ్లు పిల్లకు చీపురు కూడా పట్టనిచ్చేవాళ్లు కాదు. ఒకామె స్వెట్టరు అల్లడం మొదలుపెట్టింది, సముద్రపు గాలికి పడదని. బావ నంద్యాల వచ్చి చక్రాల పెట్టె కొన్నాడు. షాపుకొచ్చే రైతులు "ఇంజనీరమ్మ యాడుందప్పా?" అని అడిగేవాళ్లట. కూడలిలో టీ అంగడి సాయిబు బావ దగ్గర టీ దుడ్లు తీసుకోవడం మానేసి, సీటు కాగితం చేతికొచ్చినాక ఊరందరికీ తాపిద్దువులే అన్నాడట. ఫోనులో అక్క ఇవన్నీ చెప్పేది. చెప్పి, ఇంకేదో చెప్పబోయి ఆపేసేది. "ఏమక్కా?" అంటే "ఏం లేదులే" అనేది.

ఆప్షన్లు పెట్టే రోజు బావ పిల్లను తీసుకుని మా ఇంటికి రాలేదు. ఆళ్లగడ్డలోనే నెట్ సెంటరుకు పోయి ఆ ఒక్కటీ పెట్టించి వచ్చాడు. ఒకటే పెట్టమంటే ఆ సెంటరాయన రెండుసార్లు అడిగాడట, నిజంగానేనా అని.

ఆ సాయంత్రం పిల్ల నాకు ఫోన్ చేసింది. ఏవో మామూలు మాటలు మాట్లాడింది. మాట్లాడి, "చిన్నమ్మా, మనసులో అనుకుండేది కూడా దేవునికి లెక్కేనా? నోటితో అనకున్నా?" అని అడిగింది.

"యాంటికమ్మా అట్ల అడుగుతాండావ్?"

"ఊరికే."

ఆ పిల్ల ఊరికే ఏదీ అడగదు. పుట్టి బుద్ధెరిగాక ఊరికే అడిగింది ఒక్కటీ లేదు. నేను ఆప్షన్లు మార్చుకునే రోజు కోసం కాచుకున్నాను. ఒకసారి పెట్టినవి మార్చుకోవడానికి ప్రభుత్వం ఒక రోజు ఇస్తుంది. అది దాటితే ఇక ఎవరు తలకిందులుగా తపస్సు చేసినా మారవు. ఆ రోజు కాలేజీకి సెలవు పెట్టి ఆళ్లగడ్డ పోయాను.

పోయేసరికి బావ షాపు నుంచి అన్నానికొచ్చి ఉన్నాడు. నన్ను చూసి ఎందుకొచ్చానో తెలిసిపోయి, "అన్నం తిను టీచరమ్మా, ఆ మాట మాత్రం ఎత్తొద్దు" అన్నాడు. తిన్నాను. ఎత్తలేదు. తిన్నాక ఆయన రోజూ చేసే ప్రకారం గదిలోకి పోయి, మంచం పక్కన మోకాళ్లూని ప్రార్థనకు కూర్చున్నాడు. తలుపు తీసే ఉంది. ఆయన ఫోను ముందు గదిలో టీవీ పక్కన చార్జింగులో ఉంది.

కౌన్సెలింగు పేజీ తెరవాలంటే ఆ ఫోనుకొచ్చే ఓటీపీ కావాలి. నా ఫోనులో పేజీ తెరిచి పెట్టుకున్నాను. హాల్ టికెట్ నంబరు నాకు నోటికొచ్చు. పాస్‌వర్డు పిల్లకు తెలుసు. నేను పిల్లవైపు చూశాను. అది నన్ను చూసి, టీవీ పక్కనున్న ఫోనును చూసి, గదిలోకి చూసింది. బావ వీపు కనిపిస్తోంది. పెదాలు కదులుతున్న చప్పుడు సన్నగా వినిపిస్తోంది. బిడ్డ పేరే మళ్లీ మళ్లీ పలుకుతున్నాడు.

"బేగా చెప్పు" అన్నాను గుసగుసగా. "ఆయనకు తెలియనే తెలియదు. పైది వస్తే కిందవి ఎవరూ చూడరు."

పిల్ల తల అడ్డంగా ఊపింది. నన్ను పెరట్లోకి లాక్కుపోయింది. అక్కడ అక్క మిరపకాయలు ఎండబెట్టుకుంటోంది. అక్క వినేట్టుగానే చెప్పింది.

"వద్దు చిన్నమ్మా. నాకూ తెల్సు, ఒకటే రాస్తే సరిపోదు. నేను లెక్క చూసుకున్నా. నాకు ముందుండేవాళ్లు శానామంది ఉంటారు. కానీ నేను కింద రాసి, పై సీటు రాకుండా పోయిందనుకో. నాయనకు తెలుస్తాది. నావల్లే పోయిందనుకుంటాడు. ఈ సీటొకటే కాదు, అప్పుడు నేను ఆసుపత్రిలో లేచిందానికి కూడా నాయన చెప్పిన సాక్ష్యమే కదా అంటారు అందరూ. ఇది అబద్ధమైతే అదేమైతాది?"

పదిహేడేళ్ల పిల్ల. నేను ఆ ఎండలో నిలబడి, "మందు పనిచేసింది, డాక్టర్లు చూసుకున్నారు, దేవుడు కూడా చూసుకున్నాడు, దానికీ దీనికీ సంబంధం లేదు" అని ఏదేదో అన్నాను. అక్క మిరపకాయలు తిప్పుతూనే ఉంది. ఒక్కసారి తలెత్తి, "గమ్మునుండు మ్మే, ఆయనకు వినపడతాది" అంది. నేను ఆ రోజు బావ ఫోను తీసుకోలేదు. పిల్ల వద్దన్నది కాబట్టి తీసుకోలేదు. తీసుకుని ఉంటే ఆయన నా గుమ్మం తొక్కేవాడు కాదు, అంతే కదా. ఆ మాత్రం నష్టం నేను ఓర్చుకునేదాన్ని.

అలాట్‌మెంటు వచ్చిన రోజు కాలేజీలో క్లాసు మధ్యలో ఉన్నాను. ఫోను బల్ల మీద కదిలింది. అక్క. నేను ఎత్తేసరికి కట్ అయింది. నేనే హాల్ టికెట్ నంబరు కొట్టి ఫలితాల పేజీ చూశాను, దానికి ఓటీపీ అక్కర్లేదు. సీటు కేటాయించబడలేదు అని ఉంది. కింద ఏమీ లేదు. ఉండటానికి కింద ఏమైనా రాస్తే కదా. మా ఇంట్లో కూర్చుని ఆప్షన్లు పెట్టుకున్న పిల్లలు, ఈ పిల్లకంటే ఎంతో వెనక ర్యాంకువాళ్లు, సీట్లొచ్చాయని మెసేజులు పెడుతూనే ఉన్నారు. వాళ్ల మీద కోపమొచ్చింది నాకు, పాపం వాళ్లేం చేశారు?

ఆదివారం పోయాను. మందిరంలో ఎవరూ ఏమీ అడగలేదు. అందరికీ తెలుసు. స్వెట్టరు అల్లేవామె ఆ రోజు మా వైపు చాప మీద కూర్చోలేదు. పాస్టరుగారు కుర్రవాడు, ఈ మధ్యే వచ్చాడు. ప్రార్థనయ్యాక బావ దగ్గరికొచ్చి, "అన్నా, ఇంకో విడత ఉంది గదా, ఈసారి అన్నీ రాయండి. ఒకటే రాయమని నేను ఎప్పుడూ చెప్పలే గదన్నా" అన్నాడు. మంచి మాటే అన్నాడు. అందులో తన మీదికి రాకుండా చూసుకోవడం కూడా ఉంది.

"మీరు చెప్పలేదయ్యగారూ. నిలబడి చెప్పింది నేనే" అన్నాడు బావ. ఆయన కళ్ల కింద నల్లబడింది. షాపు తెరవడం లేదని అక్క చెప్పింది. ఒక రైతు మోటారు కోసం రెండుసార్లు వచ్చి తిరిగి పోయాడట.

బయట చెప్పులేసుకుంటుంటే, సంఘమంతా అవ్వా అని పిలిచే పెద్దామె పిల్ల గడ్డం పట్టుకుంది. ఆమెకు పిల్లంటే ప్రాణం. కర్నూలు ఆసుపత్రికి కూడా వచ్చి కూర్చున్న మనిషి. ఎంతో ప్రేమగా, అందరికీ వినపడేట్టు, "ఏం కాదు తల్లీ. దేవుడు మాట తప్పడు. ఇంట్లో యెవురిదో మనసు కదిలింటాది" అంది.

బావ తలెత్తాడు. అన్నాళ్లుగా ఆయన మొహంలో లేని కదలిక కనిపించింది.

ఇంటికి పోయాక బావ కుర్చీలో కూర్చున్నాడు. ముందు అక్కను అడిగాడు. "నీ మనసులో ఏమన్నా ఉండెనా?" అక్క లేదంది. నన్ను చూశాడు. "నీకెట్లాగూ నమ్మకం లేదులే, నువ్వు ఇంటి మనిషివి కాదు" అన్నాడు. తర్వాత పిల్లను దగ్గరికి పిలిచాడు. చేయి పట్టుకున్నాడు. కోపంగా కాదు. జ్వరమొచ్చిందేమోనని చూసేవాడిలా పట్టుకున్నాడు.

"నిజం చెప్పు పాపా. ఏమనను. నువ్వేమన్నా అనుమానపడినావా?"

నేను పిల్లవైపు కళ్లతో సైగ చేశాను, లేదను, లేదని చెప్పు అని. అది నన్ను చూడలేదు.

"పడినా నాయనా."

"ఎప్పుడు?"

"నువ్వు నిలబడి సాక్ష్యం చెప్తాండేటప్పుడే. రాకుంటే ఎట్ల అనుకున్నా."

బావ చాలాసేపు దాని చేయి వదల్లేదు. "అట్లనా" అన్నాడు. ఊపిరి వదిలాడు. కోపమొచ్చి ఉంటే బాగుండేది. కొట్టినా బాగుండేదేమో. ఆయన మొహంలో కనిపించింది ఊరట. దేవుడు ఇయ్యకపోవడం కాదు, తన సాక్ష్యం అబద్ధం కావడం కాదు, తేడా ఎక్కడొచ్చిందో దొరికింది. కాలిన మోటారులో తెగిన తీగ ఎక్కడుందో దొరికినట్టు.

నేను అరిచాను. ఇల్లదిరేట్టు అరిచాను. "రెండు సీట్లు బావా! ముందున్న ఇద్దరు తీసుకున్నారు. వాళ్లకేం తెలుసు మీ సాక్ష్యాలూ మీ అనుమానాలూ! పసిపిల్ల మనసులో ఒక ఆలోచన వస్తే సీటు పోతుందా?"

"నీకు లెక్కలే కనపడతాయి టీచరమ్మా" అన్నాడు బావ. పిల్ల తల నిమిరి, "పోనీలే పాపా. ఒప్పుకున్నావు గదా, అంతే చాలు" అన్నాడు. లేచి మొహం కడుక్కుని షాపుకు పోయాడు, ఆదివారమని కూడా చూడకుండా. ఆ రైతు మోటారు ఆ రోజే చుట్టేశాడట.

మరుసటి ఆదివారం నన్ను ఎవరూ రమ్మనలేదు. అక్క మాత్రం ఫోన్ చేసి, "నువ్వుంటే బాగుంటాది" అంది. పోయాను. సాక్ష్యాలప్పుడు పిల్ల లేచింది. ఎవరు చెప్పమన్నారో తెలియదు. బావ చెప్పమనలేదంటాడు, పాస్టరుగారు నాకసలు తెలియదంటాడు. పిల్ల తనంతట తానే లేచిందని అందరూ అంటారు. అదే నిజమేమో కూడా.

"నా అనుమానం వల్ల నా కుటుంబానికి రావాల్సిన దీవెన ఆగిపోయింది. దేవుడు నన్ను ఒకసారి లేపినా కూడా నేను నమ్మలేకపోయినా. నన్ను క్షమించమని దేవుణ్ణీ, మా నాయననూ, సంఘాన్నీ అడుగుతాండా" అంది. బోర్డు మీద లెక్క చేసి చివర జవాబు చదివినట్టు చదివింది. మందిరమంతా స్తోత్రం అంది. అవ్వ లేచొచ్చి కావలించుకుంది. స్వెట్టరామె ఏడ్చింది. పాస్టరుగారు దాని తల మీద చేయిపెట్టి చాలాసేపు ప్రార్థన చేశాడు. ఎవరికీ దాని మీద కోపం లేదు. అందరూ మంచివాళ్లు. ఒక్కరైనా కాస్త చెడ్డవాళ్లుంటే, నీ వల్ల కాదు కూర్చోవే అని కసిరి ఉండేవాళ్లు. నేనెందుకు లేవలేదంటారా? లేచాను. అక్క నా చీర కొంగు పట్టుకుని లాగి కూర్చోబెట్టింది.

రెండో విడత కౌన్సెలింగు వచ్చింది. అప్పటికి మంచి సీట్లు చాలా అయిపోయాయి. ఇప్పుడది తిరుపతివైపు ఒక ప్రైవేటు కాలేజీలో చదువుతోంది. బాగానే చదువుతోంది, మార్కులూ బాగానే వస్తున్నాయి. నేను చెప్పాలనుకుంటున్నది ఆ కాలేజీ గురించి కాదు. రెండో విడత ఆప్షన్లు పెట్టిన రోజు గురించి.

ఈసారి బావే దాన్ని బస్సెక్కించి మా ఇంటికి పంపాడు. తన ఫోను కూడా దాని చేతికిచ్చి పంపాడు. "నీ ఇష్టమొచ్చినన్ని రాసుకో పాపా, ఈసారి ఏ అడ్డమూ లేదు" అన్నాడట. పొద్దున పూట. ఇంట్లో మేమిద్దరమే. టిఫిను పెట్టాను, సగం తిని పక్కన పెట్టింది. కంప్యూటరు ముందు కూర్చుంది. నేను పక్కన కుర్చీ వేసుకుని నా పాట మొదలుపెట్టాను. ముందు ఆశపడేవి, తర్వాత తగినవి, కింద సేఫ్టీకి కొన్ని. అది తలూపింది. చకచకా రాసుకుంటూ పోయింది. సేఫ్టీకి అనుకున్నవీ అయిపోయాయి. "చాలమ్మా, ఇంక సేవ్ చేద్దాం" అన్నాను.

"ఇంకా ఉండాయి చిన్నమ్మా" అంది.

నేను నవ్వాను. రాసుకోనీలే అని టీ పెట్టడానికి పోయాను. టీ తెచ్చేసరికి అది శ్రీకాకుళంవైపు కాలేజీల్లో ఉంది. ఎప్పుడూ పేరు కూడా వినని కాలేజీలు. తనకు అస్సలు ఇష్టంలేని బ్రాంచీలు. సివిలంటే మొహం చిట్లించేది, అది కూడా రాసింది. ఒక కాలేజీలో ఉన్న బ్రాంచీలన్నీ రాసి, ఇంకో కాలేజీకి పోతోంది. జిల్లా అయిపోతే ఇంకో జిల్లా. టీ మీద మీగడ కట్టింది.

"ఆపమ్మా. నీ ర్యాంకుకు ఎప్పుడో పైనే దొరికిపోతుంది. ఇంత దూరం రాదు."

"నాకు తెల్సు" అంది. చేయి ఆగలేదు.

తెలుసు. దానికి తెలియదా? పోయిన నెల తన హాస్టలు స్నేహితులకు ఇదే పద్ధతి చెప్పి రాయించింది కదా. నేను దాని చేయి మీద చేయి వేశాను. మౌసు వదిలింది కానీ తెర మీదినుంచి కళ్లు తీయలేదు.

"ఇంత పొడుగు జాబితా చూసి కంప్యూటరు నవ్వుతుంది" అన్నాను, నవ్వించడానికి.

అది నవ్వలేదు. నావైపు తిరిగి, మెల్లగా, ఏదో తప్పు చేస్తూ దొరికినట్టు అడిగింది. "చిన్నమ్మా, నాయన అడిగితే ఏవో కొన్ని రాసినామని చెప్పు. ఇన్ని రాసినానని చెప్పొద్దు. నాకింకా నమ్మకం రాలేదనుకుంటాడు."